చారమ్మ సొంత తొర్ర

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లకు కొదవ లేదు గానీ తొర్రలకు మాత్రం భలే కరువు. తొర్ర ఉన్నవాళ్లు దర్జాగా ఉండేవాళ్లు. లేనివాళ్లు అద్దెకు ఉండేవాళ్లు, పాపం, మన చారమ్మలాగా.

చారమ్మ ఒక ఉడుత. ఇద్దరు పిల్లల తల్లి. గోరింకమ్మ తొర్రలో ఓ మూల అద్దెకు ఉండేది. రోజుకో పండు అద్దె. ఎంత ఇస్తే ఏం లాభం? గోరింకమ్మ మాట మీద నిలబడేది కాదు. పోయిన ఏడు నడివానల్లో, "మా చెల్లెలు పురిటికి వస్తోంది, ఖాళీ చెయ్యి" అంది. మూడు రోజులు పిల్లలు కొమ్మ మీద తడిశారు. చిన్నదానికి ఆ దగ్గు ఇంకా వదల్లేదు.

ఈ ఏడు మళ్లీ అదే పాట.

"మా మరిది కొత్త కాపురం పెడుతున్నాడు చారమ్మా. తొలకరి లోపు చూసుకో" అంది గోరింకమ్మ.

చారమ్మ పిల్లల వైపు చూసింది. తొలకరికి ఇంక నెలే ఉంది! ఈసారి తడిస్తే చిన్నది తట్టుకుంటుందా?

మద్దిచెట్టు మీద వడ్రంగిపిట్ట కొత్తగా తొలిచిన తొర్ర ఒకటి ఉంది. ఎంత అందంగా ఉందో! వెల నలభై బాదంకాయలు. చారమ్మ దాని కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటే, కొండముచ్చు దిగి వచ్చాడు.

"ఏం చెల్లెమ్మా, నచ్చిందా? నలభై కాయలూ నేనిస్తాను. ఇవాళే దిగిపో. ఏటేటా నువ్వు ఏరినదాంట్లో సగం నాకు. ఒక్క ఏడు తప్పినా తొర్ర నాది. అంతే! మరో ప్రశ్న అడగను" అన్నాడు.

ఆ "అంతే" అన్న మాట చారమ్మకు ఎక్కడో గుచ్చుకుంది. "ఆలోచించుకుని చెబుతానన్నా" అని వచ్చేసింది.

ఆ అడవిలో ఒక మంచి పద్ధతి ఉండేది. ఎవరి కడుపు నిండాక వాళ్లు ఓ గుప్పెడు కాయలు పెద్ద మోడులో వేసి వెళ్లేవాళ్లు. మొదటిసారి సొంత గూడు కొనుక్కునేవాళ్లకు ఆ కాయలు అప్పిచ్చేవారు. ఎన్ని తీసుకుంటే అన్నే తిరిగివ్వాలి, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. కాకపోతే వెలలో నాలుగో వంతు నీదై ఉండాలి. ముందుగా మూడుసార్లు వెళ్లి సూదులవ్వ దగ్గర కూర్చోవాలి. సూదులవ్వ అంటే ముళ్లపంది. మోడుకు కాపలా ఆవిడే, సలహా చెప్పేదీ ఆవిడే.

చారమ్మ మొదటిసారి వెళ్లి, మద్ది తొర్ర కొనుక్కోవాలనుందని చెప్పింది.

"రోజుకెన్ని దాస్తావే తల్లీ?" అడిగింది అవ్వ.

"ఒకటి దాస్తానవ్వా. ఈపాటికి వందకు పైనే ఉంటాయి!" అంది చారమ్మ తోక నిగిడించి.

"భేష్! అయితే పది తీసుకురా."

చారమ్మ వెళ్లి తవ్వింది. బండ పక్కన తవ్వింది, లేవు. పుట్ట వెనక తవ్వింది, లేవు. వెదురుపొద కింద తవ్వితే ఎవరో ఎలుక బయటికొచ్చి తిట్టింది. అదేం చిత్రమో గానీ, దాచడంలో ఉడుతల తర్వాతే ఎవరైనా. ఎక్కడ దాచామో గుర్తుంచుకోవడంలో మాత్రం వాళ్ల తర్వాత ఎవరూ ఉండరు! వారం తవ్వితే నాలుగు కాయలు దొరికాయి.

"ఏమ్మా, చెరువు తవ్విస్తున్నావా?" పైనుంచి కొండముచ్చు నవ్వాడు. "నాలుగు కాయలు చూపిస్తే ఆ ముసలిది గేలి చేసి పంపుతుంది. ఇదిగో, ఈ ఆరు పట్టుకెళ్లు. నీవేనని చెప్పు. తర్వాత మనం మనం చూసుకుందాం."

ఆరు కాయలు దబదబా కింద పడ్డాయి. చారమ్మ వాటిని ఏరి ఒడిలో పెట్టుకుంది. నాలుగు అడుగులు వేసింది. ఆగింది.

'అవ్వతో అబద్ధమాడి తొర్రలో చేరితే, ఆ తొర్రలో నాకు నిద్ర పడుతుందా?' అనుకుంది.

ఆరు కాయలూ మద్ది మొదట్లో పెట్టేసి, నాలుగింటితోనే వెళ్లి అవ్వ ముందు తల దించుకు నిలబడింది.

"వంద అన్నాను. నాలుగే ఉన్నాయవ్వా. తక్కినవి ఎక్కడ పెట్టానో నాకే తెలీదు" అంది. కళ్ల వెంట నీళ్లు జలజలా రాలాయి.

సూదులవ్వ గేలి చెయ్యలేదు. "రా, ఇలా కూర్చో. వంద ఉన్నాయనేదానికి నేనేం నేర్పను? నాలుగున్నాయనేదానికైతే బోలెడు నేర్పగలను" అంది.

అవ్వ ఏం చెప్పిందనుకున్నారు? కాయలన్నీ ఒక్కచోటే దాచమంది. ప్రతి సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్లి ఒకసారి చూసుకోమంది. తర్వాత, "ఆ మద్ది తొర్ర నోరు ఎటుందే?" అని అడిగింది.

"పడమటికవ్వా."

"మన వానలు ఎటునుంచి కొడతాయి?"

చారమ్మ నాలుక కరుచుకుంది. అందం చూసింది గానీ అది చూడలేదు!

"వాగు గట్టున నేరేడుచెట్టుకు చిన్న తొర్ర ఉంది. తూర్పు ముఖం. ఇరవై నాలుగు కాయలు. కాస్త ఇరుకే. కానీ నువ్వు మొయ్యగలిగిన బరువు" అంది అవ్వ.

ఇరవై నాలుగులో నాలుగో వంతు అంటే ఆరు. పది రోజుల తర్వాత చారమ్మ మూడోసారి వచ్చింది. పిల్లలిద్దరూ వెంట ఉన్నారు. ముగ్గురి చేతుల్లో కలిపి పదకొండు కాయలు! మిగిలిన పదమూడూ మోడులోంచి అవ్వే తీసి ఇచ్చింది.

తొర్ర కొని చేరిన నాలుగో రోజున తొలకరి విరుచుకుపడింది. పడమటి గాలి హోరున కొట్టింది. నేరేడు తొర్రలో ఒక్క చినుకు పడలేదు. ఇరుకు కదా, ముగ్గురూ ఒకరికొకరు అతుక్కుని కూర్చున్నారు.

చిన్నది మెల్లగా అడిగింది, "అమ్మా, ఇక్కడ గట్టిగా నవ్వితే ఎవరైనా ఏమైనా అంటారా?"

"ఎవరంటారే? ఇది మనది" అంది చారమ్మ.

అంతే, పిల్లలిద్దరూ కిలకిలా, పకపకా నవ్వారు. వాన చప్పుడును మించి నవ్వారు.

పిల్లల తిండికి పోగా మిగిలినవాటితోనే రెండేళ్లలో చారమ్మ ఆ పదమూడు కాయలూ మోడుకు చేర్చేసింది. అవి ఇప్పుడు ఏ పిట్టకు గూడయ్యాయో, ఏ పిల్లల్ని నవ్విస్తున్నాయో!

నీతి: లేనిది ఉందని చూపించేవాళ్లకు ఎవరూ సాయం చెయ్యలేరు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే, నలుగురూ కలిసి నిలబెడతారు.