చప్పుడు లేని పట్టుచీర

అనగనగా పట్టుకి రంగులేసే ఊరొకటి. ఆ ఊళ్ళో భద్రమ్మని ఒక ముసలావిడ. చూపు పోయింది కానీ గోడవతల బల్లి పాకినా వినపడేది. ఆవిడ కోడలు సుంకమ్మ, పచ్చి బాలింత. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి, లేకపోతే నేనే నిద్రపోతా.

ఒకనాడు మగవాళ్ళంతా సంతకెళ్ళారు. దీపాలు పెట్టేవేళ గుమ్మంలోకి ఒకామె వచ్చింది. వంకాయరంగు పట్టుచీర, తల్లో పూలు, అచ్చం పెళ్ళికూతురే. మీ ఆయనకి అక్క వరసవుతానంది, బిడ్డనొక్కసారి ఎత్తుకుంటానంది. సుంకమ్మ మురిసిపోయి పీట వేసింది.

లోపల్నించి భద్రమ్మ అడిగింది. "ఎవరే వచ్చింది?"

"వదినట అత్తా. ఎంత మంచి పట్టుచీర కట్టుకుందో!"

"పట్టుచీరా? మరి చప్పుడేదే?"

సుంకమ్మ గుండె జారిపోయింది. పట్టు కదిలితే గరగరమంటుంది కదా? ఇంగ్లీషువాళ్ళు దాన్ని స్క్రూప్ అంటారని మీ నాన్న చెప్పాడు. కిర్రుమనే చప్పుడులోంచే ఆ మాట పుట్టిందట, తర్వాత పట్టుకి అతుక్కుందట. మన గరగర లాగే. ఈమె వచ్చింది, కూర్చుంది, లేచింది. గర లేదు, గరగర లేదు. ఇప్పుడు ఉయ్యాల వైపు నడుస్తోంది. అప్పుడూ లేదు.

భద్రమ్మ గోడ పట్టుకుని బయటికొచ్చింది. "ఈరమ్మవి కదూ?" అంది.

ఈరమ్మ ఎవరంటే, ఎప్పుడో పెళ్ళికి ముందురోజు జ్వరమొచ్చి పోయిన పిల్ల. రంగేశాక పుల్లనీళ్ళలో ముంచి ఆరేస్తేనే పట్టుకి గరగర వచ్చేది. ఆ ముంచడమొక్కటే మిగిలుండగా, పెళ్ళిచీర అలాగే పిల్లమీద కప్పి సాగనంపారు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే.

"బిడ్డనివ్వు పిన్నీ, వెళ్ళిపోతా," అంటూ ఈరమ్మ ఉయ్యాల మీదికి వంగింది. దీపం సన్నబడింది.

సుంకమ్మ అడ్డం నిలబడింది. "వదినా, బిడ్డ నాది. చీర నీది. దాన్ని పూర్తి చేసిస్తా," అంది. నీళ్ళతొట్టిలో నిమ్మకాయలు పిండి, కొంగు ఇటివ్వమంది. ఆ కొంగు ఎంత చల్లగా ఉందనీ! ముంచింది, పిండింది, విదిలించింది.

గర. కొంగులో పుట్టి కుచ్చిళ్ళ దాకా పాకింది. గరగర. గరగరగర.

ఈరమ్మ రెండడుగులేసి ఆగి విన్నది. మళ్ళీ వేసింది. నవ్విందో ఏడ్చిందో సుంకమ్మకి తెలీలేదు. గుమ్మం దిగి వెళ్ళిపోయింది. ఆ చప్పుడు ఊరు దాటేదాకా భద్రమ్మ చెవొగ్గి విని, "వెళ్ళిందే పాపం," అని మనవణ్ణి ఒళ్ళోకి తీసుకుంది. పిల్లాడు నిక్షేపంగా పెరిగాడు.

అంచేత, ఎంత భయమేసినా ఎదుటివాళ్ళకేం కావాలో కనుక్కోవాలర్రా.

కథేమో కంచి బండెక్కింది, మీరు దుప్పట్లోకి దూరండి.