దూదమ్మ కొలిచిన మద్దిచెట్టు

అనగనగా ఒక అడవి. దానికి రాజెవరని అడగకండి. ఆయన గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు, లేపితే మనకే నష్టం.

ఆ అడవి దారిలో ఒక ఎండిన మద్దిచెట్టు ఉంది. "సాయంత్రం దీన్ని పడగొడతాను" అన్నాడు గండశిల అనే ఏనుగు. చెట్టుకు కాస్త దూరంలోనే దూదమ్మ అనే కుందేలు బొరియ. అందులో ఇంకా కళ్ళు తెరవని పిల్లలు.

"ఏనుగు మావా, అది నా ఇంటిమీద పడుతుందేమో. అవతలికి తోయరాదూ?"

"అవతలికి తోయాలంటే నీ ఇంటివైపు ముళ్ళకంపలో నిలబడాలి పిల్లా. తగులుతుందని రుజువు చూపు, నిలబడతాను."

ఆ అడవిలో ఎత్తుల తగవులు తీర్చేది పొడుగు మెడవాళ్ళే. అది ఆచారం. కొంగతాత చెట్టువంక చూడనైనా చూడకుండా "తగలదు, పో" అన్నాడు.

"ఎలా తెలిసింది తాతా?"

"మెడను బట్టి తెలుస్తుందే."

దూదమ్మకు మెడ లేదు. ఉన్నదల్లా చెవులు, బోలెడంత మొండితనం.

పొద్దున చూస్తే చెట్టునీడ తన బొరియకున్న దూరం కంటే పొడవు సాగింది. చెట్టు ఇంత పొడుగైతే ఇల్లు నలిగినట్టే అనుకుంది. మధ్యాహ్నం చూస్తే చాపంత. ప్రాణం కుదుటపడింది. అంతలో అనుమానం వచ్చింది. "చెట్టు పెరిగి తరుగుతుందా ఏమిటి?" తన నీడ చూసుకుంది. అదీ తరిగింది.

"ఓహో, కలిసే పెరుగుతాయి, కలిసే తరుగుతాయి. నా నీడ నా అంత అయ్యే వేళకు, చెట్టునీడా చెట్టంత అయి తీరాలి."

తనంత పుల్ల ఒకటి కొరికి పెట్టుకుంది. నీడ పుల్లంత కాగానే, ముందు పక్కనున్న చిన్న మోడు మీద పరీక్షించింది. మోడు కంటే దాని నీడ పొట్టిగా తేలింది. పప్పులో కాలేసింది ఎక్కడ?

చెవుల దగ్గర. పుల్ల కొరికినప్పుడు చెవులు వాల్చింది. నీడ చూసేటప్పుడు సంబరంతో నిక్కించింది.

చెవులు వాల్చి మళ్ళీ కాచుకుంది. ఈసారి మోడూ, దాని నీడా సరిసమానం. గబగబా చెట్టునీడ పొడవునా తీగ పరిచి, ఆ తీగను తన ఇంటివైపు తిప్పింది. అది గుమ్మం దాటి, పిల్లలు పడుకున్న చోటిదాకా వచ్చింది.

"తీగ మాట నమ్మను" అన్నాడు అప్పుడే వచ్చిన గండశిల. "ఈ లెక్కన నేనెంత?"

"తొండం దించి నిలబడు మావా, నేనొకసారి చెవులతో మోసపోయాను." అతని నీడంత తీగ తెంపి, అక్కడే చూస్తున్న కొంగతాత ముక్కుకు అందించింది. తాత ఏనుగు వీపెక్కి తీగ వదిలాడు. దాని కొస సరిగ్గా నేలను తాకింది.

గండశిల ముళ్ళలో దిగాడు. "అబ్బా, అమ్మా" అంటూనే తోశాడు. చెట్టు అవతలికి పడింది. పిల్లలు నిద్రలోంచి కదలనైనా లేదు.

కొంగతాత మెల్లగా దగ్గరికొచ్చి, "ఎలా చేశావే?" అని అడిగాడు.

"రేపు పొద్దున్నుంచీ నీ నీడను చూస్తూ నిలబడు తాతా. అదే చెబుతుంది."

అరువు తెచ్చుకున్న జవాబు ఆ పూటకే. తప్పుచేసి, దిద్దుకుని, తానై తెలుసుకున్న విద్య ఎప్పటికీ తోడుంటుంది.