మద్ది మీద గీటు, తునికి మీద గీటు

ఎర్రవాగు అడవి ఎవరి సొత్తూ కాదు. అందుకే అక్కడ కట్టుబాటు గట్టిగా ఉండేది. సొంతదారుడున్న చోట ఒక్కడికి భయపడితే చాలు. ఉమ్మడి చోట అందరికీ భయపడాలి.

వేసవి ముదిరి వాగు ఎండిపోయి ఒక్క మడుగు మిగిలేది. దాని ఒడ్డున పక్కపక్కనే రెండు చెట్లు, ఒకటి మద్ది, ఒకటి తునికి. మాంసం తినే ప్రతి ప్రాణీ పెద్దలు చెప్పిన రోజున వచ్చి ఏదో ఒక చెట్టు మీద గోటితో గీటు పెట్టాలి. మద్ది మీద పెడితే ఆ వేసవంతా కణితి వేట, అంటే కొండ వాలుల్లో తిరిగే పెద్ద జింక. తునికి మీద పెడితే చుక్కల దుప్పి వేట. అదీ ఇదీ అంటే కుదరదు. అందరూ ఒకే జాతి మీద పడితే తొలకరి నాటికి ఆ జాతే ఉండదని ఎప్పటివాళ్ళో పెట్టిన పద్ధతి. ఒకరు చంపితే తినేవాళ్ళకీ అదే వరస. మద్ది మీద గీసినవాడు దుప్పి ఎముక కూడా నాకకూడదు. గీటు తప్పినవాణ్ణి మడుగు దగ్గరికి రానివ్వరు. వేసవిలో మడుగు లేదంటే ఇక ఊపిరి లేదన్నట్టే.

గీట్లు చూసే పెద్దమనిషి బూరయ్య అనే ముసలి ఎలుగుబంటి. చెదలూ తేనే తప్ప మాంసం ముట్టడు. తిననివాడి చేతికే గరిటె ఇవ్వాలని ఆ అడవిలో అనుకునేవారు.

ఆ ఏడు గీటు రోజున మచ్చమ్మ అనే చిరుత బండచరియ కింద కూర్చుని ఉంది. లోపల ఇద్దరు పిల్లలు పడుకున్నారు. పాలు తగ్గిపోయి నాలుగు రోజులైంది. పొద్దు గూకేలోపు గీటు పెట్టాలి. ఏ చెట్టు మీద పెట్టాలో తేలడం లేదు.

నిరుడు పిల్ల ఒక్కడే. నిరుడు మద్ది మీద గీసింది. పెద్ద కణితిని పట్టింది కూడా. చిరుత జాతికి ఒక ఆచారముంది. వేటను చెట్టు కొమ్మకి ఎక్కించాకే మొదటి ముద్ద. ఆ కణితి చెట్టెక్కలేదు. మచ్చమ్మకి రెండింతల బరువు. మెడ పట్టి లాగితే నేల మీద జానెడు జరిగింది, అంతే. వదిలి వెళ్ళలేక రెండు రోజులు పక్కనే కాపలా కూర్చుంది. మూడో రోజు చరియకి వెళ్తే పిల్ల లేడు. వాడున్న చోట దుమ్ములగొండి వాసన ఉంది.

మాంసానికి కాపలా ఉంది. పిల్లకి లేకపోయింది.

అప్పట్నుంచి మచ్చమ్మ కుడి ముంగాలు నేల మీద పెట్టేముందు ఒకసారి వణుకుతుంది. ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే తగ్గేది కాదు.

ఆ మధ్యాహ్నం నక్క వచ్చింది. తన పేరు సింగన్న అని తనే పెట్టుకున్నాడు, ఎవరూ కాదనలేదు. దూరంగా కూర్చుని, పిల్లలు బాగున్నారా అని అడిగి, మేనమామని నేనుండగా వాళ్ళకేం లోటని తనే జవాబు చెప్పాడు. తర్వాత మెల్లగా అసలు మాటకి వచ్చాడు.

దుప్పి వేట నీకెందుకన్నాడు. దుప్పి ఒంటరిగా ఉండదు, మందలో నలభై కళ్ళు. పైన కొండముచ్చులు. నువ్వు గడ్డిలో కాలు మోపేలోపు చెట్టు మీంచి దగ్గుతాయి, అంతే, మంద మాయం. ఎలాగో పట్టినా మూడు పూటల మాంసం. కణితి అలా కాదు. కొండ వాలులో ఒంటరిగా మేస్తుంది, సాయంత్రం మడుగుకి ఒక్కతే దిగుతుంది. ఒక్కటి పడితే పది రోజులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవచ్చు.

మచ్చమ్మ విన్నది. అన్నీ నిజాలే. అబద్ధమైతే తోసెయ్యడం తేలిక.

"నిరుడు పట్టాను కదా" అంది.

సింగన్న తల వంచుకున్నాడు. అది తలుచుకుంటే తనకీ ముద్ద దిగడం లేదన్నాడు. ముఖం మాత్రం బాగా ముద్ద దిగిన ముఖమే.

"నిరుడు నువ్వు ఒంటరిదానివి అక్కా. ఈసారి నేనున్నాను. నువ్వు పిల్లల దగ్గరుండు, మాంసం దగ్గర నేనుంటాను. ఇక ఆ బొక్కలయ్య అంటావా, వాడు కొండ దాటి పోయి నెలయింది. కళ్ళారా చూశాను."

బొక్కలయ్య అంటే దుమ్ములగొండి. ఆ పేరు వినగానే మచ్చమ్మ కాలు వణికింది. దాన్ని కడుపు కిందికి లాక్కుంది.

పది రోజులు. ఆ మాట చెవిలో తేనెలా దిగింది. పది రోజులు పిల్లల్ని వదలక్కర్లేదు. ఆశపడింది. పడదూ మరి. ఆశ లావు, పీక సన్నం అంటారు గానీ, కన్నతల్లి ఆశకి పీక ఎంతని ఎవరు కొలిచారు.

"సరే, పద, చెట్ల దగ్గరికి" అని లేచింది.

సింగన్న ఉత్సాహంగా ముందు నడిచాడు. గాలి వాడి మీంచి ఆమె ముఖానికి తగిలింది.

మచ్చమ్మ ఆగిపోయింది.

నక్క వాసన ఎలాగూ ఉంటుంది. దాని కింద ఇంకో వాసన. కొరికిన ఎముకలు, కుళ్ళిన గుహ. వాడి నడుము బొచ్చుకి తెల్లటి పొడి అంటుకుని ఉంది. ఎముకలు నమిలే దుమ్ములగొండి పెంట ఎండితే సున్నంలా అవుతుంది. ఆ గుహలో పొర్లినవాడికే అది అంటుతుంది. నెల కిందట కొండ దాటినవాడి వాసన ఇంత పచ్చిగా ఉండదు. ఆ వాసనని మచ్చమ్మ ఏడాదిగా ముక్కులో మోస్తోంది. పొరపడే వాసన కాదు.

అప్పుడు అర్థమైంది. కణితి గురించి వీడు చెప్పినవన్నీ నిజాలే. చెప్పనిది ఒక్కటే, బరువు. కణితి చెట్టెక్కదు. నేల మీద ఉన్నంతసేపూ అది ఈ నక్కదీ ఆ దుమ్ములగొండిదీ. తను దాని దగ్గరుంటే పిల్లలు వాళ్ళ పాలు.

గొంతులోంచి రాబోయిన గుర్రును మింగేసింది. ఇప్పుడు మీద పడితే ఒక నక్క పోతుంది. దుమ్ములగొండి మిగులుతాడు. కాలు నేల మీద పెట్టింది. ఈసారి వణుకుతుందో లేదో చూసుకోలేదు, నడిచింది.

మడుగు దగ్గర అందరూ ఉన్నారు. పెద్దపులి పొద్దున్నే మద్ది మీద గీసి పోయిందట, గీట్లు బెత్తెడు లోతున్నాయి. దాని కింద, వేరు దగ్గర, ఇంకో మొరటు గీటు. జిగురు ఇంకా కారుతోంది. మచ్చమ్మ వంగి వాసన చూసింది. ఏడాదిగా ముక్కులో మోస్తున్న వాసనే. అడిగితేనే పేరు చెప్పడం బూరయ్య పద్ధతి.

"ఏ చెట్టమ్మా?" అన్నాడు.

మచ్చమ్మ మద్ది ముందు నిలబడింది. పక్కన సింగన్న తోక ఊపుతున్నాడు.

"నిరుడు దీని మీదే గీశాను తాతా. ఏమైందో మీకు తెలుసు. చూస్తుంటే కాలు ఆడడం లేదు." నక్క వైపు తిరిగింది. "తమ్ముడూ, నువ్వు చెప్పిన మాట నువ్వు నమ్మితే, ముందు నువ్వు గియ్యి."

సింగన్న తోక ఆగింది. ఎంగిలి తినే తమలాంటి వాళ్ళు పెద్దలు గీశాక గీయడం మర్యాదని నసిగాడు. తొందరేముందన్నాడు. తునికి కొమ్మ మీద పండు తింటున్న కొండముచ్చు కోటమ్మ మధ్యాహ్నం చరియ పై చెట్టులోంచి ఆ మాటలన్నీ విన్నది. గింజ ఊసింది.

"మేనమామ గారు కాపలా కాస్తారట, గీటు మాత్రం పెట్టరట. మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు."

అందరూ నవ్వారు. సింగన్న చుట్టూ చూశాడు. అటుపక్క పొదలో రెండు కళ్ళు వాణ్ణే చూస్తున్నాయి. చిరుత చేత మద్ది మీద గీయిస్తానని ఆ గుహలో తను ఇచ్చిన మాట గుర్తొచ్చినట్టుంది. ఇక్కడ వెనక్కి తగ్గితే చిరుత తగ్గుతుంది. చిరుత తగ్గితే ఆ పొదలోవాడు ఊరుకోడు. ఒక్క గీటేగా అనుకున్నాడేమో, మద్ది మొదట్లో కాలెత్తి బర్రున గీశాడు.

"చూశావా అక్కా. ఇక నీదే ఆలస్యం."

"చూశాను" అంది మచ్చమ్మ.

రెండడుగులు పక్కకి వేసి, తునికి మీద నిలువునా గీసింది. గోళ్ళు ఎక్కడా వణకలేదు. బెరడు నల్లగా ఊడి నేల మీద పడింది.

సింగన్న గోల మొదలుపెట్టాడు. మోసం అన్నాడు, ఆడదాని మాట నమ్మానన్నాడు, తన గీటు చెల్లదన్నాడు. బూరయ్య చెవి గోక్కుంటూ అంతా విన్నాడు.

"మద్ది మీద గీస్తానని ఆమె అన్నదా?"

ఎవరూ విని ఉండలేదు. సింగన్న కూడా విని ఉండలేదు.

"నువ్వు నమ్మితే నువ్వు గియ్యమంది. గీశావు. అంటే నమ్మావనేగా."

పొదలో కొమ్మలు విరిగాయి. బొక్కలయ్య బయటికి వచ్చాడు. కొండ దాటి పోయినవాడు అంత దగ్గర్నుంచి ఎలా వచ్చాడని కోటమ్మ పైనుంచి అమాయకంగా అడిగింది. బొక్కలయ్య ఆమెని చూడలేదు, మచ్చమ్మనీ చూడలేదు. నక్కనే చూశాడు. నీ మాట విని పొద్దున్నే మద్ది వేరు గీశాను గదరా అన్నాడు, చాలా నెమ్మదిగా. ఆ నెమ్మదితనానికే సింగన్న పరుగందుకున్నాడు. బొక్కలయ్య వెనకాల పడ్డాడు. ఇక ఆ వేసవంతా వాళ్ళిద్దరూ మద్ది మీద గీసిన పెద్దపులి వదిలే ఎముకల కోసం కాచుకోవాల్సిందే. పులి ఏం వదులుతుందో, ఎవరిని వదులుతుందో వాళ్ళకే తెలియాలి.

గీటు పెట్టినంత తేలిక కాదు వేట. సింగన్న చెప్పిన నలభై కళ్ళూ నిజమే. మొదటి రోజు కోటమ్మ దగ్గింది, మంద మాయం. రెండో రోజు గాలి తిరిగింది. మూడో రోజు ఒక దుప్పి బొచ్చు గోళ్ళకి తగిలి జారిపోయింది. ఆ మూడు రోజులూ మచ్చమ్మ గీటు లెక్కలోకి రాని బోదురు కప్పలు పట్టి పిల్లలకి తెచ్చింది. వాళ్ళు ముఖాలు ముడుచుకుని తిన్నారు. మచ్చమ్మ కోటమ్మని కోపగించుకోలేదు. ఎవరి పిల్లలు వాళ్ళకి, ఎవరి దగ్గు వాళ్ళకి.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, రాళ్ళు కాలిపోయే వేళ, కొండముచ్చులు కూడా కొమ్మల మీద కునుకు తీస్తుండగా, గడ్డిలో పొట్ట ఆనించి జాము సేపు పాకింది. ఆ ఎండలో చిరుత వేటకి రాదని అడవంతా నమ్మకం. మందకి ఎడంగా పడుకున్న ముసలి పోతుదుప్పి తలెత్తేసరికి ఆలస్యమైపోయింది.

దాని మెడ పట్టుకుని చరియ పక్కనున్న ఇప్పచెట్టు దగ్గరికి ఈడ్చింది. ఒకసారి ఊపిరి పీల్చుకుంది. ఎక్కింది. ముగ్గురు మనుషుల ఎత్తున కొమ్మల చీలికలో పెట్టి, కిందికి చూసింది. అక్కడినుంచి పిల్లలు పడుకున్న చరియ నోరు తిన్నగా కనబడుతోంది. ఒకే చోట కూర్చుని మాంసాన్నీ పిల్లల్నీ కాయవచ్చు.

ఆ సాయంత్రం పిల్లలిద్దరూ కొమ్మ మీద తిన్నారు. ఒకడు తింటూ తింటూ నిద్రపోయాడు. కింద పొదల్లో కుంటుకుంటూ ఒక ఆకారం వచ్చి కూర్చుంది. సింగన్న. చెవి ఒకటి చిరిగింది. పైనుంచి ఒక ఎముక జారి సరిగ్గా ముక్కు ముందు పడింది. వాడు మూతి చాచాడు. మడుగు వైపునుంచి బూరయ్య గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది.

"అది దుప్పి ఎముక సింగన్నా."

వాడు మూతి వెనక్కి తీసుకున్నాడు. కాసేపు ఎముకని చూశాడు, తర్వాత పైకి చూశాడు. తేలు కుట్టిన దొంగలా అరవకుండా లేచి పోయాడు. మచ్చమ్మ పిల్లాడి చెవి నాకుతూ ఉండిపోయింది. కుడి ముంగాలు కొమ్మ మీద కదలకుండా ఉంది.

పట్టగలిగినదంతా మనది కాదు. చెట్టెక్కించుకోగలిగిందే మన వేట.