తాబేలు వెంట పరుగెత్తిన ముంగిస

అనగా అనగా, కొండలు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకునే కాలంలో, నల్లగుట్ట అనే అడవి ఉండేది. దానికి సింహం రాజు, ఏనుగు మంత్రి. ఇందులో కొత్తేముంది అంటారా? ఆగండి, ఉంది.

ఆ అడవికంతటికీ ఒకటే మడుగు. ఆ మడుగుకు నీళ్లు ఎక్కడో గుహలో ఉన్న ఊట నుంచి బండల కిందుగా వచ్చేవి. ఊటకు అడ్డంగా ఒక రాయి దొర్లిస్తే చాలు, అడవి మొత్తం గొంతెండి పోవాల్సిందే. అందుకని గుహకు దారి రాజుకూ, మంత్రికీ, కాపలాదారుకూ తప్ప ఇంకెవరికీ తెలియనిచ్చేవారు కాదు. పక్క అడవి దుమ్ములగొండులు ఆ దారి కోసమే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి మరి.

కాపలా ఉన్న ముళ్లపందికి చూపు మందగించింది. ఆ కొలువు కోసం అడవిపిల్లి వచ్చింది, కోతి వచ్చింది, గరికయ్య అనే ముంగిస వచ్చాడు.

మంత్రి ముగ్గురినీ ఒకే ప్రశ్న అడిగాడు. "నీ వెనక చెప్పుకోవాల్సిన తప్పేమైనా ఉందా?"

"లేదండి" అంది పిల్లి. "అబ్బే" అంది కోతి. గరికయ్య కూడా "లే... లేదండి" అన్నాడు.

"మంచిది. తాబేలు మీ మీ చోట్లకు వెళ్లి విచారించి వస్తుంది" అన్నాడు మంత్రి.

విచారణకు తాబేలేమిటి, జింకను పంపొచ్చు కదా అని మీరు అడుగుతారు. అడవిలో అందరూ అదే అడిగేవారు. మంత్రి చెవులు ఊపి ఊరుకునేవాడు.

ఇంతకీ గరికయ్య చేసిన తప్పేమిటంటారా? కుర్రతనంలో ఒక కౌజుపిట్ట "నాయనా, మేతకు వెళ్లొస్తా, నా గుడ్లు చూస్తుండు" అని నమ్మి వెళ్లింది. వీడు ఒక గుడ్డు తినేశాడు. పిట్ట వచ్చి ఏడిస్తే "పాము వచ్చింది పిన్నీ" అన్నాడు. అదీ సంగతి.

తాబేలు బయల్దేరింది. గరికయ్యకు తిండి సయించడం మానేసింది.

"తేలును ముందు పెట్టుకుని తినకుండా దిక్కులు చూస్తావేం?" అంది వాడి పెళ్లాం. "కొలువు వచ్చేసిందని నేను చుట్టుపక్కల అందరికీ చెప్పేశాను కూడా."

వాడు తేలును పక్కకు నెట్టేశాడు.

అప్పుడు వచ్చింది నక్క, పళ్లన్నీ కనబడేలా నవ్వుతూ.

"బావా, ఆ గుడ్డు సంగతి నాకు తెలుసులే. అప్పుడు నేను పొద వెనకే ఉన్నా. భయపడకు, నోరు విప్పను. పాపం ఆ పిట్ట ఇంకా పామనే అనుకుంటోంది. నువ్వు కొలువులో చేరాక నాకు ఒక్క మాట చెప్పు, గుహకు ఎటు వెళ్లాలో. దుమ్ములగొండి దొరగారు ముచ్చటపడుతున్నారు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఏముంది బావా. నాకు మతిమరుపు లేదు, అంతే."

నక్క వెళ్లిపోయింది. నోరు మూసుకుంటే కొలువు వస్తుంది, ఊట పోతుంది. నోరు విప్పితే కొలువు పోతుంది, పరువూ పోతుంది. పోనీ కొలువే వద్దంటే? అప్పుడు మాత్రం నక్క ఊరుకుంటుందా, ఇంకేదో అడుగుతుంది.

వాడు లేచి తాబేలు వెంట పరుగు తీశాడు.

మొదటిసారి అందుకున్నాడు. కానీ మిడతను తరుముతున్నట్టు నటిస్తూ దాటిపోయాడు.

రెండోసారి ఎదురొచ్చి "తాతా, కాళ్లు నొప్పా?" అన్నాడు.

"నాకేం లేదు. నీకే ఎక్కడో నొప్పిగా ఉన్నట్టుంది" అంది తాబేలు, నడుస్తూనే.

మూడోసారి దారికి అడ్డంగా పడుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"తాతా, పాము కాదు. నేనే."

ఆ తరవాత అంతా చెప్పాడు, నక్క మాటతో సహా. తాబేలు విని తల ఊపింది. "ఇది ముందు వినాల్సింది నేను కాదు. పద."

కౌజుపిట్ట అంతా విని, చుట్టూ ఉన్న ముళ్లను ముక్కుతో చూపించింది.

"ఆ పాము భయానికే నా పొద వదిలి ఈ ముళ్లలో కాపురం పెట్టాను. మరి ఇక్కడ రోజూ నాకు కనబడకుండా పాములను తరిమేది ఎవరు?"

"నేనే పిన్నీ."

"క్షమించడం సంగతి తరవాత చూద్దాం" అంది పిట్ట. "నిజం మాత్రం ఇవాళ నీ నోటే విన్నాను. తాతా, ఆ మాటే మంత్రిగారికి చెప్పు."

సభ కూడింది. గరికయ్య ఓ మూల ముడుచుకుని నిలబడ్డాడు.

తాబేలు చెప్పింది. "పిల్లి నాకంటే ముందే వెళ్లి ఎలుకలను బెదిరించింది. అడిగితే అవి వణికాయి గాని పలకలేదు. కోతి నాకంటే ముందే అందరికీ పనసపళ్లు పంపింది. అడిగితే వాళ్లు మరీ ఎక్కువగా మెచ్చుకున్నారు. ముంగిస తన తప్పు తానే చెప్పాడు."

"గుడ్డు తిన్నవాడికి ఊట అప్పగించడమా?" అంది సింహం.

"ప్రభూ, వీడి తాడు నక్క చేతిలో ఉండేది. వీడే తెంపుకున్నాడు" అన్నాడు మంత్రి. "ఆ ఇద్దరి తాళ్లు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయో మనకు తెలియదు. వీడికే ఇద్దాం. ఈ ఎండాకాలం మాత్రం ముళ్లపంది పక్కనే ఉండి కనిపెడుతుంది."

నక్కను పొలిమేర దాటించారు. గరికయ్య మూల నుంచి మంత్రి దగ్గరకు వచ్చాడు.

"మంత్రిగారూ, ఒక్క మాట. జింకను పంపితే నాకు ఇన్నాళ్లు ఈ నరకం తప్పేది కదండీ" అన్నాడు.

ఏనుగు తొండంతో వాడి వీపు నిమిరింది.

"జింక అయితే నువ్వు పరుగెత్తి అందుకోగలిగేవాడివా, పిచ్చివాడా?"

అదండీ కథ. పిల్లలూ, దాచుకున్న తప్పు మన మెడకు తాడై ఎవరి చేతికైనా చిక్కుతుంది. వేళ మించకముందే మన నోటితో మనమే ఒప్పుకుంటే, ఆ తాడు లాగే చెయ్యి ఇక ఉండదు.