ముహూర్తానికి ముందే గట్టిమేళం

అనగనగా, ఇప్పుడు కాదులే, మీ అమ్మ కూడా పుట్టకముందు, ఒక ఊళ్ళో పైడి అని నాలుగేళ్ళ పిల్ల ఉండేది. ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు, అచ్చం నీలాగే.

వాళ్ళది సన్నాయి మేళం. తాత అప్పన్న డోలు వాయించేవాడు. నాన్న సింహాచలం సన్నాయి ఊదేవాడు. అత్త శ్రుతిపెట్టె పట్టేది. ఇంట్లో సాధన చేసేటప్పుడు తాత పైడిని కళ్ళు మూసుకోమని, "ఏది మోగిందే? ఎలాగుందే?" అని అడిగేవాడు.

"శ్రుతిపెట్టె! తుమ్మెదలాగ ఊఁ అంటంది. సన్నాయేమో జీడిపాకంలాగ సాగతంది," అనేది పైడి. డోలు సంగతి అడిగితే మాత్రం ఒళ్ళంతా ఊపేది. "ఇటేపు ధుమ్, అటేపు పోపేసినట్టు చిటపట!" తాత మురిసిపోయేవాడు.

ఒకరోజు పొద్దున్నే మేళం పెళ్ళికి వెళ్ళింది. పైడి కూడా వెళ్ళింది. మంచి ముహూర్తం కదా, ఆ వీధిలో ఏకంగా మూడు పెళ్ళిళ్ళు! మూడు పందిళ్ళకీ అవే అరటిబోదెలు, అవే మామిడాకులు. అప్పుడు బుడగలమ్మే అతను పీక్ పీక్‌మని పీక ఊదుకుంటూ వచ్చాడు. ఇంకేముంది, మన పిల్ల అతని వెంట పడింది. వీధి చివర వెనక్కి తిరిగేసరికి తమ పందిరి ఏదో తెలియలేదు.

పాపం, ఏడుపొచ్చేసింది. ఎటు చూసినా పెద్దవాళ్ళ కాళ్ళే. నాన్నని ఎలా వెతకాలి? అప్పుడు గట్టిగా కళ్ళు మూసుకుని చెవులు రిక్కించింది.

మొదటి పందిట్లో దూడ అరిచినట్టు "బాఁ" అని మోగింది. "ఇది బ్యాండువాళ్ళ బాకా," అనుకుంది. ఆ తర్వాత రెండో పందిరి. అక్కడ సన్నాయి ఉంది! కానీ అది పాకంలా సాగట్లేదు, పచ్చి చింతకాయలా పుల్లగా ఉంది. నాన్నది కాదు.

ఆ తర్వాత మూడో పందిరి. శ్రుతిపెట్టె ఊఁ అంటోంది. డోలు ఉండుండి మోగుతోంది. ధుమ్... చిటపట... ధుమ్. తాత డోలే! మరి నాన్న సన్నాయి ఏదీ? ఎందుకు వినిపిస్తుందమ్మా, నాన్న దాన్ని పక్కన పడేసి పిల్ల కోసం వీధంతా గాలిస్తుంటే!

"తాతా!" అంటూ పరుగెత్తింది. అప్పుడే సింహాచలం చెమటలు కక్కుతూ వచ్చాడు. కూతుర్ని ఎత్తుకుని తిట్టబోయాడు, తిట్టలేక బావురుమన్నాడు.

అది చూసి తాత ఆనందం పట్టలేకపోయాడు. ముందూ వెనకా చూసుకోకుండా గట్టిమేళం మోగించేశాడు!

గట్టిమేళం వినబడిందంటే తాళి కడుతున్నారనే కదా. కబుర్లలో ఉన్న చుట్టాలంతా తలెత్తకుండానే అక్షింతలు విసిరేశారు. మేళం పెళ్ళిపీటల పక్కనేనేమో, సగం తండ్రీకూతుళ్ళ నెత్తిన పడ్డాయి. పెళ్ళికొడుకు కంగారుగా తాళి అందుకున్నాడు. పంతులుగారు చటుక్కున అతని చెయ్యి పట్టుకున్నారు.

"ఆగు నాయనా, ఇంకా పావుగంట ఉంది!"

పందిరంతా నవ్వులే నవ్వులు. పెళ్ళికూతురు కూడా సిగ్గు మరిచి నవ్వింది. తన ఒళ్ళో పడిన అక్షింతలు ఏరి పైడి నెత్తిన వేసి, "నూరేళ్ళు చల్లగా ఉండు తల్లీ," అంది.

డుండుం డోలు, పీపీ సన్నాయి,
కథేమో కంచికి, మనకేమో నిద్దర హాయి!