వెంపలి కొండెక్కిన రోజు

ఒకప్పుడు వెంపలి మోకాలెత్తు మొక్క కాదు. తాడిచెట్టు పక్కన నిలబడితే దానికి భుజం తగిలేంత పెద్ద చెట్టు.

ఆ కాలంలో చెట్లకు నడక వచ్చు. ఎండాకాలం రాగానే వేళ్లు పైకి లాక్కుని, నీళ్లున్న చోటు వెతుక్కుంటూ మెల్లగా నడిచిపోయేవి. వానలు మొదలయ్యాక మళ్లీ తమ తమ చోట్లకు వచ్చేసేవి.

వెంపలి ఒక వాగు ఒడ్డున ఉండేది. దానికి తన పొడుగంటే మహా ఇష్టం. పొద్దున్నే అందరికంటే ముందు ఎండ తన తల మీదే పడాలి. చిలకలు తన కొమ్మల్లోనే గూడు కట్టాలి. వాగు ఏ ఊళ్ల మీదుగా ఏ మలుపు తిరిగి పోతుందో చూసి, కింద ఉన్న చెట్లకు అదే చెప్పేది.

వాగుకు ఎదురుగా ఒక బోడికొండ ఉంది. దాని మీద గడ్డిపోచ కూడా లేదు. వాన కురిస్తే ఉన్న మట్టి కాస్తా కొట్టుకుపోయి, కంకర మాత్రం మిగిలేది. రెండడుగులు ఎక్కితే ఒకటిన్నర అడుగు వెనక్కి జారాలి. పోనీ పట్టుకుందామంటే చేతికి ఏమీ దొరకదు. దానికి తోడు గాలి. కొండ నెత్తి మీద రోజంతా పరుగులు తీస్తూ, అడ్డమొచ్చిన దాన్నల్లా తోసి పారేసేది.

కొండ పైన మేకలు కాసుకునే వాళ్ల గూడెం ఒకటి ఉంది. కింద వాగు దగ్గర సుంకమ్మ ఉండేది. ఆమె మంత్రసాని. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా సుంకమ్మ చేతుల్లోనే పుట్టాలి. ఆమె చెల్లెలు మారెక్కను పైన గూడెంలోనే ఇచ్చారు.

మారెక్క మొదటి కానుపప్పుడు సుంకమ్మ కొండెక్కలేక చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ దారి రెండు రోజులు పట్టింది. ఆమె వెళ్లేసరికి అంతా అయిపోయింది. బిడ్డ దక్కలేదు. చెల్లెలు ఒక్క మాట కూడా అనలేదు. అదే సుంకమ్మకు ఎక్కువ బాధ.

మళ్లీ మారెక్కకు నెలలు నిండాయి. ఒకరోజు పొద్దున్నే ఆమె మొగుడు ఓబులేసు కొండ మీది నుంచి జారుకుంటూ దిగొచ్చాడు. దిగడమేముంది, కంకరే మోసుకొచ్చింది. కానీ అడుగుకు చేరేసరికి చీలమండ మెలిపడి వాచిపోయింది. సుంకమ్మ గుమ్మంలోనే కూలబడి, నొప్పులు మొదలయ్యాయని చెప్పాడు.

"వదినా, ఈసారి కూడా నువ్వు వేళకు రాకపోతే మారెక్క బతకదు," అన్నాడు.

సుంకమ్మ అతని కాలికి కట్టు కట్టి, కుండలో గంజి ఎక్కడుందో చెప్పి, తన మూట తీసుకుని బయలుదేరింది. చుట్టూ తిరిగి పోవడం మాట ఆమె తలపెట్టలేదు. నేరుగా కొండ దగ్గరికి వెళ్లి ఎక్కడం మొదలుపెట్టింది. పది అడుగులు ఎక్కి జారింది. మళ్లీ ఎక్కి మళ్లీ జారింది. మూడోసారి మోచేతులు గీరుకుపోయాయి.

అప్పుడామె వాగు ఒడ్డుకు తిరిగొచ్చి చెట్లను అడిగింది. ఎవరైనా ఒక్కరు తనతో కొండెక్కితే, వాళ్ల కొమ్మ పట్టుకుని తానూ ఎక్కుతానంది.

చింతచెట్టు తనకు కాయలు పండే కాలమంది. తాడిచెట్టు పట్టుకోవడానికి తనకు కొమ్మలే లేవు కదా అంది. అది నిజమే. మద్దిచెట్టు అసలు సంగతి చెప్పేసింది. ఆ పైన గాలికి ఎదురు నిలిచిన చెట్టేదీ తిరిగి రాలేదనీ, తనకు భయమనీ అంది.

వెంపలికీ భయమే. కానీ దానికి ఓబులేసు గుమ్మంలో కూర్చుని ఉండటం కనిపిస్తోంది. అతను కట్టు కట్టిన కాలి వంక చూసుకోవడం లేదు. కొండ వంకే చూస్తున్నాడు.

వెంపలి వేళ్లు పైకి లాక్కుంది. కొమ్మల్లో చిలక గూళ్లను మద్దిచెట్టుకు అప్పగించి, సుంకమ్మ వెంట నడిచింది.

మొదట బాగానే సాగింది. వెంపలి ఒక అడుగు పైకి వేసి కొమ్మ వంచేది. సుంకమ్మ అది పట్టుకుని ఎక్కేది. అలా కొండలో మూడో వంతు ఎక్కారు. అక్కడ గాలి వాళ్లను చూసింది.

గాలి ఒక్క ఊపు ఊపింది. వెంపలి పెద్ద కొమ్మ ఒకటి విరిగి, దొర్లుకుంటూ వాగులో పడింది. రెండో ఊపుకు వేళ్లు కంకర మీద పట్టు తప్పాయి. సుంకమ్మ మాను చుట్టూ చేతులు వేసి, తన బరువంతా వేసి ఆపింది. ఆమె ఎంత బరువని. అయినా ఆపింది.

ఇక వెనక్కి వెళ్లిపొమ్మని ఆమె వెంపలికి చెప్పింది. ఇంతవరకు తోడొచ్చావు, అదే చాలంది. అలా చెప్తూనే పైకి చూసింది. గూడెం నుంచి సన్నగా పొగ లేస్తోంది. ఎవరో నీళ్లు కాస్తున్నారు, ఆమె కోసమే.

వెంపలి వెనక్కి తిరగలేదు. తనతో ఏం తగవని గాలినే అడిగింది.

గాలిని అంతవరకు ఎవరూ ఆ మాట అడగలేదు. "నాకు ఎవరి మీదా కోపం లేదు. ఇది నేను పోయే దారి. అడ్డంగా నిలబడితే తోస్తాను. వంగి కింద ఉన్నవాళ్లను నేనెప్పుడూ ముట్టుకోలేదు," అంది.

అప్పుడు కొండ మాట్లాడింది. కొండకు మాటలు తక్కువ, పైగా సిగ్గు. తన మీద ఎక్కేవాళ్లంతా జారిపడుతుంటే చూడలేక చూస్తున్నానని చెప్పింది.

"పైకి పెరగలేకపోతే లోపలికి పెరుగు. నా కడుపులో గాలి లేదు. నేను చోటిస్తాను," అంది.

వెంపలి ఒకసారి చుట్టూ చూసింది. వాగు కనిపించింది. దాని రెండు మలుపులు, అవతలి ఊరు, ఆ ఊరి అవతలి చేలు కనిపించాయి. అంత దూరం అది ఎప్పుడూ చూడలేదు. ఇంకెప్పుడూ చూడదు కూడా. కళ్లారా చూసుకుంది.

"సరే, చోటివ్వు," అంది.

కొండ తన బండల మధ్య చిన్న సందు తెరిచింది. వెంపలి తన పొడుగునంతా వేళ్లలోకి దించుకుంది. మాను కుంగింది. కొమ్మలు దగ్గరికి ముడుచుకున్నాయి. చూస్తుండగానే సుంకమ్మ తలెత్తు అయింది, నడుమెత్తు అయింది, చివరికి ఆమె మోకాలి దగ్గర ఆగింది. పైన తగ్గినదంతా కింద వేరై బండల లోపలికి దిగిపోయింది. గాలి ఒకసారి వచ్చి చూసి, పైనుంచి దాటిపోయింది.

కానీ అంత లోతు దిగిన వేరును మళ్లీ పైకి లాగడం ఎవరి తరం? వెంపలి ఇక నడవలేదు. ఆ సంగతి సుంకమ్మకూ తెలిసింది. ఆమె కళ్లు నీళ్లతో నిండాయి. ఇంకా రెండు వంతుల కొండ మిగిలే ఉంది.

"నేను రాలేను సుంకమ్మా. నా పిల్లలు వస్తారు, వాళ్లను పట్టుకుని వెళ్లు," అంది వెంపలి.

దాని కాయలు ఎండి ఉన్నాయి. అది ఒళ్లు బిగపట్టింది. కాయలు టపటపా పగిలాయి. గింజలు ఎగిరి ఆరడుగుల పైన పడ్డాయి. ఆ కాలపు గింజలకు వానాకాలం వచ్చేదాకా ఆగే ఓపిక లేదు. పడ్డవి పడ్డట్టే వేరు దించి, మోకాలెత్తు లేచి నిలబడ్డాయి. సుంకమ్మ ఒక మొక్కను పట్టుకుని అడుగు వేసింది. మొక్క ఊడి రాలేదు. కాలి కింద కంకర కూడా జారలేదు, దాన్ని వేళ్లు పట్టుకున్నాయి.

ఆమె అక్కడికి చేరేలోపే ఆ మొక్కలు పూసి, కాసి, తమ గింజలు ఇంకా పైకి విసిరాయి. అవి మొలిచాక ఆమె వాటిని పట్టుకుంది. ఇలా ఒక వరస మీద ఒక వరస, కొండ పచ్చబడుతూ పోయింది. వెనక పచ్చదనం, ముందు పచ్చదనం, మధ్యలో మూట నెత్తిన పెట్టుకుని సుంకమ్మ.

పొద్దు వాలకముందే ఆమె గూడెం చేరింది. కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లింది. మారెక్క అక్కను చూడగానే ఆమె చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గూడెమంతా వినబడేలా ఏడ్చింది. ఆ ఏడుపు గాలి కిందికి మోసుకుపోయి, ఓబులేసుకు వినిపించింది.

మర్నాడు ఉదయం సుంకమ్మ కొండ దిగింది. ఎక్కడా జారలేదు. దారిలో పెద్ద వెంపలి దగ్గర ఆగి, పక్కన కూర్చుని, పాప ముక్కు మారెక్కదేననీ పెదాలు ఓబులేసువనీ చెప్పింది. వెంపలి అన్నీ అడిగి అడిగి చెప్పించుకుంది.

ఇదంతా కొండ వింటోంది. వెంపలికి తానూ ఏదైనా ఇవ్వాలని దానికి అనిపించింది. బోడికొండ దగ్గర ఏముంటుంది? చాలాసేపు ఆలోచించింది.

"సాయంత్రాలు నన్ను దూరం నుంచి చూసేవాళ్లకు నేను ఊదారంగులో కనిపిస్తాను. దగ్గరికొస్తే ఆ రంగు ఎవరికీ దొరకదు. నాకున్నది అదొక్కటే. నువ్వు తీసుకో," అంది.

అంతవరకు వెంపలి పూలు తెల్లగా ఉండేవి. ఆ రోజు పెద్ద వెంపలికి మొదటి ఊదా పువ్వు పూసింది. తర్వాత పక్క మొక్కకు, ఆ పై మొక్కకు. మధ్యాహ్నమయ్యేసరికి కొండంతా ఊదాగా ఉంది. గూడెం వాళ్లు పిల్లాపాపలతో బయటికొచ్చి చూశారు. మేకలు కూడా మేత మాని కాసేపు చూశాయి.

అప్పటినుంచే వెంపలి మోకాలెత్తుకు మించి పెరగదు. దాని వేరు మాత్రం ఎంత తవ్వినా అంతు దొరకదు, ఒంటిచేత్తో లాగితే ఊడి రాదు. ఎండ ముదిరితే కాయలు టపటపా పగిలి గింజల్ని దూరంగా విసురుతాయి. బీడు కొండ కనిపిస్తే చాలు, అక్కడ పుట్టుకొచ్చి ఊదారంగు పూలు పూస్తుంది. కొండెక్కే వాళ్ల కాలు జారితే చెయ్యి దానంతట అదే దాని మీదికి పోతుంది. గాలి వస్తుంది, పైనుంచి దాటి వెళ్లిపోతుంది.