ఓబులు కట్టిన వంకర ముడి

అనగనగా ఒక అడవి అంచున ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళ గూళ్ళే. వాటిలో ఓబులు అనే గిజిగాడు అల్లిన గూడు గాలివానకు ఊగేదే గాని ఊడేది కాదు. అది ఒకప్పటి మాట.

వాగుకు అవతల ఈతచెట్లు ఉండేవి. వాటికి కల్లుకుండలు కట్టి ఉండేవి. ఒక ఎండాకాలం ఓబులుకు దాహమేసి ఒక కుండ అంచున వాలాడు. తియ్యగా ఉంది. మర్నాడు దాహం లేకుండానే వాలాడు. ఆ తర్వాత రోజూ అదే పని. అక్కడ వేలాడే గబ్బిలం మామ మంచి తోడు దొరికాడు.

"మామా, నేను తూలుతున్నానా?" అని ఓబులు అడిగేవాడు.

"లేదల్లుడూ, నాకు తిన్నగానే కనిపిస్తున్నావు" అనేవాడు గబ్బిలం మామ, తలకిందులుగా వేలాడుతూ.

నిరుడు వానల్లో ఓబులు అల్లిన గూడు తెగి వాగులో పడింది. అందులో గుడ్లున్నాయి. ఆ రోజు ఓబులు ఇంకా ఎక్కువ తాగాడు. తర్వాత ఆ సంగతే మర్చిపోయాడు. అతని భార్య పైడమ్మ మాత్రం మర్చిపోలేదు.

మళ్ళీ తొలకరి దగ్గరపడింది. ఓబులు సగం గూడు అల్లి, రెక్కలాడిస్తూ పైడమ్మను పిలిచాడు. ఆమె వచ్చి గూటిని ముక్కుతో పట్టుకుని ఒక్క లాగు లాగింది. పోచలన్నీ జారి కిందపడ్డాయి.

"ఏమయ్యా, ఇది గూడా, గడ్డిమోపా?"

"గాలి ఎక్కువగా ఉంది పైడీ."

"చెట్టు మీద ఆకు కదలడం లేదు. గాలి నీ తలలో ఉంది. ఒక్క మాట చెప్తున్నా విను. తాగిన ముక్కుతో అల్లిన గూట్లో నేను గుడ్డు పెట్టను. వానలు పడేలోపు మంచి గూడు కట్టావా, సరే. లేదంటే నా దారి నేను చూసుకుంటాను."

ఓబులుకు రోషం వచ్చింది. "ఇవాళ్టితో మానేశా! రేపటికి గూడు సిద్ధం!" అన్నాడు.

పిచ్చివాడు. మానేసిన మర్నాడే అంతా బాగైపోతుందనుకున్నాడు.

తెల్లారేసరికి ముక్కు వణికింది. రెక్కలు వణికాయి. గింజ కూడా సహించలేదు. కంటి మీద కునుకు లేదు. పోచ పట్టుకుంటే జారిపోయింది. "తాగినప్పుడే నయం, సగం గూడైనా అల్లాను" అని విసుక్కుంటూ వాగు దాటాడు.

"అదే నేనూ చెప్పేది అల్లుడూ," అన్నాడు గబ్బిలం మామ. "ఒక్క చుక్క వేసుకో. వణుకు ఇట్టే పోతుంది."

ఓబులు కుండ అంచున వాలాడు. మెడ వంచాడు.

"ఒరే ఓబులూ, నీ కళ్ళెంత ఎర్రగా ఉన్నాయో చూసుకున్నావా!" అని పొదలోంచి ఎవరో కేకేశారు. జెముడుకాకి అత్త. పేడపురుగును తింటూ, ఎర్రటి కళ్ళతో చూస్తోంది.

"నన్నంటావు గాని, నీ కళ్ళూ ఎర్రగానే ఉన్నాయిగా అత్తా!"

"నావి పుట్టుకతో ఎరుపురా. నీవి తెచ్చిపెట్టుకున్న ఎరుపు."

ఓబులు తల దించుకున్నాడు. "ఒక్క చుక్క తాగితే వణుకు తగ్గుతుందట అత్తా."

"తగ్గుతుంది. అబద్ధం చెప్పడమెందుకు? రేపు మళ్ళీ వస్తుంది, ఇంకో చుక్క అడుగుతుంది. ఇన్నాళ్ళూ నీ ఒంట్లో కాపురమున్న కల్లు ఇప్పుడు ఇల్లు ఖాళీ చేస్తోంది. పోతూ పోతూ నాలుగు గిన్నెలు విసిరికొడుతుంది. దాన్ని పోనీ. ఆ వణుకు తగ్గేదాకా ఒక్కడివీ ఉండకు. నా పక్కన కూర్చో."

ఓబులు చాలాసేపు కుండ వంక చూశాడు. తర్వాత ఎగిరి వచ్చి అత్త పక్కన కూర్చున్నాడు.

"మరి గూడు?"

"గూడు మాట ఎత్తకు. ఇదిగో రెమ్మ. దీనికి ఒక ముడి కట్టు. అంతే."

కట్టాడు. వంకరగా వచ్చింది. విప్పబోతే అత్త విప్పనివ్వలేదు. "ఉండనీ. రేపు ఇంకోటి కట్టు."

అలా రోజుకొక ముడి. పైడమ్మ దూరం నుంచి చూస్తూనే ఉంది. ఒకసారి ఒక మిడత తెచ్చి అతని ముందు పడేసింది. "నీ కోసమేం కాదు, మిగిలిపోయింది" అని వెళ్ళిపోయింది. అంత లావు మిడత ఎవరికి మిగులుతుంది చెప్పండి!

మొదట ఆకలి తిరిగి వచ్చింది. ఆ మిడత రుచి ఓబులుకు తెలిసింది. తర్వాత నిద్ర వచ్చింది. ఆ తర్వాత ముక్కు స్థిమితపడింది, ముడులు బిగిశాయి. సాయంత్రాలు మాత్రం కల్లు వాసనకు నాలుక పీకేది. అప్పుడు అత్త దగ్గరికి పోయి, ఆమె తిట్లు వింటూ ఇంకో ముడి కట్టేవాడు.

చివరికి బుర్ర తేటపడింది. దానితోపాటే మర్చిపోయినదీ గుర్తొచ్చింది. ఓబులు పైడమ్మ దగ్గరికి వెళ్ళాడు. 

"పైడీ, నిరుడు గూట్లో... ఎన్ని గుడ్లు?"

"రెండు."

"ఆ దుఃఖం ఒక్కదానివే మోశావా ఇన్నాళ్ళూ?"

"మరి నువ్వెక్కడున్నావయ్యా?" అంది పైడమ్మ. కాసేపటికి జరిగి అతని పక్కన కూర్చుంది. "పోనీలే. ఇప్పుడు ఇద్దరం మోద్దాం."

పడమట మబ్బులు లేచాయి. ఓబులు గూడు అల్లడం మొదలుపెట్టాడు. తొందరపడలేదు. లోపల తడిమట్టి కూడా అద్దాడు. పైడమ్మ వచ్చి లాగింది. కదలలేదు. వేలాడి లాగింది. కదలలేదు. మూడోసారి లాగబోయి, నవ్వి లోపలికి దూరింది.

ఆ వారమే గాలివాన వచ్చింది. తుమ్మచెట్టు వాగు నీళ్ళకు తగిలేంత వంగింది. గూడు ఊగింది. ఊగిందంతే.

వాన వెలిశాక కొన్నాళ్ళకు గూట్లోంచి ఒక పిల్ల తల బయటపెట్టింది. పక్కకొమ్మకు అత్త తెచ్చి తగిలించిన రెమ్మ వేలాడుతోంది, దాని నిండా ముడులే.

"నాన్నా, ఆ చివరి ముడి ఎంత బిగువుగా ఉందో! మొదటిదేంటి అంత వంకరగా ఉంది? ఎవరు కట్టారు?"

"రెండూ నేనే కట్టానమ్మా," అన్నాడు ఓబులు. "కష్టపడి కట్టింది మాత్రం ఆ వంకరదే."

నీతి: చెడు అలవాటు మానిన మర్నాడే ఒళ్ళూ మనసూ కుదుటపడవు, మొదటి వణుకుకు భయపడి వెనక్కి పోకుండా, సిగ్గుపడక తోడు అడిగి, రోజుకొక ముడి కట్టుకుంటూ పోతే పోయిన ఆకలీ నిద్రా నమ్మకమూ ఒక్కొక్కటిగా తిరిగి వస్తాయి.